‘అలాగే సార్’ అన్న తరువాత చెప్పవలసినది

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా. ఇంజనీరింగ్ చదివి, చెన్నై శివారులోని ఒరగడంలో కారు విడిభాగాలు తయారుచేసే కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తున్నాను. మా మేనేజరు జపాన్ దేశస్థులు, తోటివారిలో ఎక్కువమంది తమిళులు, మా సరుకు వెళ్ళేది జర్మనీకి. ఒక మీటింగులో మేనేజరుగారు ‘తనిఖీ శుక్రవారానికి పూర్తవుతుందా’ అని అడిగితే, పెద్దాయన మాటకు కాదనడం బాగుండదని ‘అలాగే సార్’ అన్నాను. కాలిబ్రేషన్‌కు, అంటే కొలత సరిగ్గా చూపుతోందో లేదో సరిచూడడానికి పంపిన గేజ్ (కొలిచే పరికరం) సమయానికి తిరిగి రాలేదు. గురువారం సాయంత్రం వెళ్ళి, కుదరదని చెప్పాను. ఆయన పల్లెత్తు మాట అనలేదు కానీ, అప్పటినుంచి రోజూ సాయంత్రం నన్ను రిపోర్టు అడుగుతున్నారు. నా మీద నమ్మకం పోయిందేమోనని దిగులుగా ఉంది. బిజినెస్ ఇంగ్లీషు కోర్సులో చేరమంటారా?
– ఒక పాఠకుడు, శ్రీపెరుంబుదూరు

జవాబు: చేరాలనుకుంటే చేరండి, తప్పులేదు. అయితే మీకు వచ్చిన ఇబ్బందికి ఇంగ్లీషు కారణం కాదని మీ ఉత్తరంలోనే కనిపిస్తోంది. మీరు ‘అలాగే’ అన్నది పెద్దవారి మాటకు ఇచ్చిన మర్యాదగా. ఆయన విన్నది శుక్రవారానికి పని పూర్తవుతుందన్న హామీగా. మన ఊళ్ళలో ఎవరైనా ‘చూద్దాంలెండి’ అంటే, ఆ అన్న తీరును బట్టి అవుతుందో కాదో ఎదుటివారు గ్రహించుకుంటారు. ఆ తీరుతో పరిచయం లేని మనిషికి మాట ఒక్కటే మిగులుతుంది.

అమెరికా మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1976లో ఈ తేడాను వివరంగా చర్చించారు. కొన్ని సమాజాల్లో చెప్పదలచుకున్న దానిలో చాలా భాగం మాటల వెలుపల, అంటే సందర్భంలోనూ, హోదాలోనూ, మనుషుల మధ్య ఉన్న పరిచయంలోనూ ఉండిపోతుందనీ, మరికొన్ని సమాజాల్లో దాదాపు అంతా మాటల్లోకే వస్తుందనీ ఆయన చెప్పారు. జపాన్‌ను మొదటి తరహాకూ, జర్మనీని రెండో తరహాకూ ఉదాహరణలుగా చూపుతారు. మనమూ మొదటి తరహావాళ్ళమే కదా, జపాన్ వారితో ఇట్టే కలిసిపోతామని చాలామంది అనుకుంటారు. నేను చూసినంతలో చిక్కంతా అక్కడే ఉంది. ఇద్దరూ కొంత చెప్పకుండా వదిలేస్తారు కానీ, ఎదుటివారు దేన్ని తమంతట తాము గ్రహిస్తారని వదిలేస్తున్నారో అది ఇద్దరికీ ఒకటి కాదు. గేజ్ రాకపోతే ఆలస్యం తప్పదని ఆయనకు తెలిసే ఉంటుందని మీరు అనుకున్నారు. ఏదైనా అడ్డంకి వస్తే వెంటనే చెబుతారని ఆయన అనుకున్నారు.

జపాన్ సంస్థల్లో కొత్త ఉద్యోగికి తొలిరోజుల్లోనే నేర్పే పద్ధతి ఒకటుంది, దాన్ని ‘హోరెన్సో’ అంటారు. పని ఎంతవరకు వచ్చిందో పైవారికి నివేదించడం, సంబంధం ఉన్నవారందరికీ సమాచారం చేరవేయడం, సొంతంగా తేల్చుకోలేని చోట ముందుగానే సలహా అడగడం, ఈ మూడూ కలిపితే హోరెన్సో. కాబట్టి మీ మేనేజరు అడిగే సాయంత్రపు రిపోర్టును శిక్షగా భావించకండి. మొదటినుంచీ మీ దగ్గరనుంచి రావలసిందని ఆయన అనుకున్నదాన్నే ఇప్పుడు నోరు తెరిచి అడుగుతున్నారు. అడిగించుకోకుండా మీరే పంపడం మొదలుపెట్టండి.

ఏం పంపాలన్నది ముఖ్యం. ‘పని జరుగుతోంది, వీలైనంత త్వరగా పూర్తిచేస్తాం’ అన్న వాక్యం ఎవరికీ ఉపయోగపడదు. శుక్రవారం గడువున్న పనికి మంగళవారం సాయంత్రం మీరు పంపవలసిన మెయిల్ ఇంత ఉంటే చాలు: ‘200 భాగాల్లో 140 తనిఖీ అయ్యాయి. మిగిలిన 60 భాగాలకు కావలసిన గేజ్ కాలిబ్రేషన్‌కు వెళ్ళింది. రేపు సాయంత్రం రావాలి. వస్తే శుక్రవారానికి పూర్తవుతుంది. రాకపోతే శుక్రవారం సాధ్యం కాదు. సోమవారం మధ్యాహ్నానికి ఇస్తాను. రేపు 5 గంటలకు మళ్ళీ తెలియజేస్తాను.’ ఇందులో కఠినమైన ఇంగ్లీషు అవసరమయ్యే వాక్యం ఒక్కటీ లేదు. పెద్దవారిని ఎదిరించిన మాట కూడా ఎక్కడా లేదు. కాదనవలసిన చోట కాదనడమూ జరిగింది, ప్రత్యామ్నాయమూ చెప్పడం జరిగింది. గురువారం సాయంత్రం ఇదే సంగతి చెబితే కస్టమరుకు ముందుగా తెలియజేసుకునే వ్యవధి మీ మేనేజరుకు ఉండదు; మంగళవారం చెబితే రెండు రోజులు చేతిలో ఉంటాయి. ఆయన చూసేది ఆ రెండు రోజులనే.

మీటింగులో అందరి ఎదుటా అభ్యంతరం చెప్పడానికి మీకు మొహమాటంగా ఉంటే, జపాన్ వారికీ అది అంతగా నచ్చే పద్ధతి కాదని తెలుసుకోండి. ముఖ్యమైన నిర్ణయానికి ముందు సంబంధం ఉన్నవారిని విడివిడిగా కలిసి ఒప్పించి రావడం వారి ఆనవాయితీ. దానికి ‘నెమవాషి’ అని పేరు. మీటింగుకు ముందురోజు పది నిమిషాలు అడిగి మీ సందేహం ఆయన చెవిన వేయండి. ఆయన వెంటనే బదులివ్వకపోతే కంగారుపడి ఆ మౌనాన్ని మాటలతో నింపకండి, ఆలోచించుకోనివ్వండి.

జర్మన్ కస్టమరుతో ఈ పద్ధతి పనిచేయదు. అక్కడ మీటింగులోనే ‘ఈ డ్రాయింగు తప్పు’ అని మొహం మీద చెప్పడం సాధారణం, అది పని గురించిన మాటే తప్ప మీ గురించినది కాదు. డచ్ పరిశోధకుడు గీర్ట్ హోఫ్‌స్టెడ్, 1967–1973 మధ్య ఐబీఎం ఉద్యోగులతో జరిగిన సర్వేల ఆధారంగా, పైవారి అధికారాన్ని కిందివారు ఎంత సహజంగా అంగీకరిస్తారో దేశాలవారీగా లెక్కగట్టినప్పుడు భారతదేశానికి 77, జపాన్‌కు 54, జర్మనీకి 35 వచ్చాయి; అంకె పెద్దదైనకొద్దీ ఆ అంగీకారం ఎక్కువని అర్థం. ఇవి దేశాల సగటులే కనుక, వీటితో ఎదురుగా ఉన్న మనిషిని కొలవకూడదు. అయినా ‘సార్’ అంటూ ప్రతి మాటకూ తల ఊపే మన అలవాటు జర్మనీ ఇంజనీరుకు ఎందుకు అయోమయంగా ఉంటుందో ఈ అంకెలు కొంత చెబుతాయి. ఆయన మీనుంచి కోరేది మీ అభిప్రాయం, దానికి ఆధారమైన కొలతలు.

ప్రశ్న: షోళింగనల్లూరులోని సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. మా టీములో నేనొక్కదాన్నే తెలుగు. మీటింగు ఇంగ్లీషులో మొదలై, చర్చ వేడెక్కగానే తమిళంలోకి వెళ్ళిపోతుంది, నిర్ణయాలు నాకు తరువాత తెలుస్తున్నాయి. అడిగితే ఏమనుకుంటారోనని ఊరుకుంటున్నాను.
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: ఊరుకోవద్దమ్మా. వారు కావాలని చేస్తున్న పని కాదిది. వాదన ముదిరినప్పుడు ఎవరికైనా సొంత భాషే నోట వస్తుంది. నలుగురు తెలుగువాళ్ళు చేరిన చోట కన్నడిగుడో మలయాళీయో ఎదురుగా ఉన్నా మనం చేసేదీ అదే. మీటింగులో ఆపి తప్పుపట్టకుండా, టీమ్ లీడును విడిగా కలిసి, ‘చర్చ ఏ భాషలో జరిగినా ఫరవాలేదు, నిర్ణయం మాత్రం చివర ఒకసారి ఇంగ్లీషులో చెప్పించండి’ అని అడగండి. అంతకన్నా మంచి ఉపాయం, మీటింగు మినిట్స్, అంటే అక్కడ తీసుకున్న నిర్ణయాల నమోదు, రాసే బాధ్యత మీరే తీసుకోవడం. రాసేవారికి అర్థం కానిదే మినిట్స్ పూర్తికావు కనుక, ‘ఎవరు చేయాలి, ఎప్పటికి’ అని అడిగే హక్కు మీకు దానంతట అదే వస్తుంది.

తమిళం కూడా నేర్చుకోండి. పనికోసం కాకపోయినా, భోజనాల బల్ల దగ్గర కలిసే చనువు కోసం నేర్చుకోండి. ఒక్క జాగ్రత్త: బయట చెవినపడిన ‘వా, పో’లతో మొదలుపెట్టకండి, ఆఫీసులో ‘వాంగ, పోంగ, సొల్లుంగ’ అనే అనాలి. మన ‘రండి, వెళ్ళండి, చెప్పండి’లలో ఉన్న మర్యాదే అందులోనూ ఉంది, తమిళులు దాన్ని తప్పక గమనిస్తారు.

ప్రశ్న: జర్మనీ టీముతో మా కాల్ రోజూ మధ్యాహ్నం రెండున్నరకు. మార్చి ఆఖరులో ఒక సోమవారం నేను సరైన వేళకే చేరితే, గంట ఆలస్యమైందన్నారు. ఇలాంటివి ఇంకేమైనా ఉంటే చెప్పండి.
– ఒక పాఠకుడు, పెరుంగుడి

జవాబు: మన గడియారాలు ఏడాదంతా ఒకటే, వారివి మారతాయి. జర్మనీ మనకన్నా చలికాలంలో నాలుగున్నర గంటలు, మార్చి ఆఖరి ఆదివారం నుంచి అక్టోబరు ఆఖరి ఆదివారం వరకు మూడున్నర గంటలు వెనక ఉంటుంది. వారి ఉదయం పది గంటలు ఆ సోమవారం నుంచి మనకు ఒంటిగంటన్నర అయింది. అమెరికాలో ఎక్కువ రాష్ట్రాలు మార్చి రెండో ఆదివారమే మార్చుకుంటాయి కనుక, రెండు దేశాలవారూ ఉండే కాల్‌కు ఆ మధ్య వారాల్లో మరింత జాగ్రత్త కావాలి. ఆహ్వానంలో రెండు దేశాల వేళలూ రాయండి.

అంకెలూ అంతే. జర్మన్లు 1.250 అని రాస్తే అది పన్నెండువందల యాభై, మనం చదివే ఒకటింపావు కాదు. 12,50,000 అని మన పద్ధతిలో కామాలు పెడితే బయటివారు తడబడతారు, 1,250,000 అని రాయండి. 03/04 అన్నది మనకు ఏప్రిల్ 3, అమెరికావారికి మార్చి 4. నెల పేరు అక్షరాల్లో రాస్తే ఏ గొడవా ఉండదు.

ప్రశ్న: జపాన్ భాషా పరీక్ష జేఎల్‌పీటీ రాస్తే ఆఫీసులో మాట్లాడగలుగుతానా?
– ఒక పాఠకుడు, ఒరగడం

జవాబు: ఆ పరీక్ష చెన్నైలోనూ జరుగుతుంది, ఎన్5 నుంచి ఎన్1 వరకు అయిదు స్థాయిలుంటాయి, ఎన్5 అన్నిటికన్నా సులువు. అందులో పదజాలం, వ్యాకరణం, చదవడం, వినడం పరీక్షిస్తారు కానీ, మాట్లాడే భాగం లేదు. కాబట్టి పరీక్షకు చదువుతూనే, పైన చెప్పిన సాయంత్రపు రిపోర్టులో మొదటి రెండు వాక్యాలు రోజూ జపనీస్‌లో మీ మేనేజరుకు నోటితో చెప్పి, తప్పులు దిద్దమని అడగండి.