అంకె వయసెంతో అడుగు

అమ్మలూ,

నువ్వు పంపిన పొడుగాటి మెసేజ్ రెండుసార్లు చదివాను. జబ్బుల లెక్క చూసే జిల్లా సర్వైలెన్స్ యూనిట్‌లో చేరి నెల తిరగలేదు, అప్పుడే మాక్ డ్రిల్ నోట్ తయారుచెయ్యమని నీ నెత్తిన పెట్టారన్నమాట. "గైడ్‌లైన్స్ అన్నీ నా దగ్గర ఉన్నాయి పెద్దమ్మా, మళ్లీ కరోనా లాంటిది వస్తే రోజువారీ లెక్క నిజంగా ఎలా నడపాలో నువ్వు చెప్పు" అన్నావు. గైడ్‌లైన్స్ నాకంటే నీకే బాగా వచ్చు. 2020 మార్చి నుంచి రెండేళ్లు ఆ కుర్చీలో కూర్చుని నేను చేసిన తప్పులూ, వాటి వల్ల వచ్చిన బుద్ధీ రాస్తాను.

టీవీలో "దేశంలో గత 24 గంటల్లో ఇన్ని కేసులు" అని చదివేవాళ్లు కదా, ఆ అంకె ఢిల్లీలో పుట్టేది కాదు. కేంద్ర ఆరోగ్య శాఖ పొద్దున 8 గంటల లెక్క అని చెప్పేది, అంతకుముందు ఏడొందల పైచిలుకు జిల్లాల్లో ఎవరో ఒకరు నిద్రకళ్లతో ఎక్సెల్‌లో కొట్టిన అంకెల కూడిక. మన షీట్‌లో పడిన తప్పు దేశం లెక్కలోకీ ఎక్కుతుంది. కాబట్టి నీది చిన్న ఉద్యోగం అనుకోకు.

నేను అన్నిటికంటే ఆలస్యంగా నేర్చుకున్నది మొదట చెబుతాను. ఏ అంకె చేతికొచ్చినా దాని వయసెంతో అడుగు. ఇవాళ బులెటిన్‌లో ఎక్కిన పాజిటివ్ మనిషికి వైరస్ ఇవాళ సోకలేదు. సోకిన నాలుగైదు రోజులకు ఒళ్లు వెచ్చబడి ఉంటుంది. రెండు రోజులు మాత్ర వేసుకుని చూసి ఉంటాడు. ఆ తర్వాత శాంపిల్, ల్యాబ్‌లో క్యూ, రిజల్ట్, పోర్టల్‌లో ఎంట్రీ. అన్నీ కలిపితే నువ్వు ఇవాళ చూస్తున్నది పది రోజుల కిందటి ఊరిని. మరణాల లెక్క ఇంకా పాతది. సెకండ్ వేవ్‌లో దేశం మొత్తం మీద రోజువారీ కేసులు 2021 మే 7 లెక్కలో 4 లక్షల 14 వేలు దాటాయి, ఆపైన దిగడం మొదలైంది. మరణాలు మాత్రం పెరుగుతూ పోయి మే 19 లెక్కలో 4,529కి చేరాయి. మధ్యలో ఆ పన్నెండు రోజులూ మీటింగుల్లో "తగ్గుముఖం పట్టింది" అనేవాళ్లు. ఆసుపత్రుల్లో నేను చూసిన అతి చెడ్డ రోజులు అవే.

అందుకని లైన్ లిస్టులో, అంటే ఒక్కో పేషెంటుకు ఒక్కో వరస రాసే షీట్‌లో, ఒక మనిషికి ఒక తేదీ చాలదు. మా షీట్‌లో మొదట్లో "తేదీ" అని ఒకటే కాలమ్ ఉండేది. ఏ తేదీ అని ఎవరూ అడగలేదు. ఒక పీహెచ్‌సీ వాళ్లు శాంపిల్ తేదీ వేశారు, ఇంకొకరు రిజల్ట్ తేదీ వేశారు, మూడో వాళ్లు మాకు మెయిల్ పంపిన తేదీ వేశారు. మూడు వారాలయ్యాక గ్రాఫ్ గీద్దామని కూర్చుంటే అది గ్రాఫ్‌లా లేదు, సంత రోజు లెక్కలా ఉంది. నలుగురం రెండు రాత్రులు ఫోన్లు చేసి సరిచేశాం. లక్షణాలు మొదలైన రోజు, శాంపిల్ ఇచ్చిన రోజు, రిజల్ట్ వచ్చిన రోజు, మనం లెక్కలో ఎక్కించిన రోజు, వీటికి నాలుగు కాలమ్స్ మొదటి రోజే పెట్టు. మరణానికైతే చనిపోయిన రోజు వేరు, మనకు తెలిసిన రోజు వేరు. తెలియకపోతే ఖాళీగా వదిలెయ్, అంచనాగా నింపకు.

ఈ ఖాళీ సంగతీ ఉంది. ఒక మండలం నుంచి రిపోర్ట్ రాలేదనుకో, అక్కడ సున్నా వెయ్యకు. కేసులు లేకపోవడం వేరు, కబురు రాకపోవడం వేరు. మా దగ్గర ఒక మండలం ఐదు రోజులు వరసగా సున్నాతో పచ్చగా మెరిసింది. ఆరో రోజు వెళ్లి చూస్తే అక్కడి డేటా ఎంట్రీ కుర్రాడికే కరోనా వచ్చి ఇంట్లో పడుకుని ఉన్నాడు.

2021 జూన్ 10 నాటి దేశం లెక్కలో ఒక్క రోజే 6,148 మరణాలు కనబడ్డాయి. పేపర్లు చూసి మా ఆఫీసులోనే కొందరు హడలిపోయారు. అందులో 3,951 బిహార్ తన పాత లెక్కలు సరిచూసుకుని ఒకేసారి కలిపినవి. సరిచెయ్యడం మంచిదే. కానీ పాత మరణాలన్నీ ఒక రోజు మీద కుమ్మరిస్తే గ్రాఫ్‌లో ఎప్పుడూ లేని కొండ ఒకటి లేస్తుంది. ఎవరు ఏ రోజు పోయారో ఆ రోజు కిందే మళ్లీ రాయాలి, బులెటిన్‌లో "ఇవి పాతవి, ఇవాళ కలిపాం" అని ఒక లైన్ పెట్టాలి. పాత షీట్‌ను మాత్రం చెరపకు. నిన్న నువ్వు ఏం చెప్పావో రేపు ఎవరైనా అడిగితే చూపించగలగాలి.

వారం వంకర కూడా ఉంటుంది. ఆదివారం టెస్టులు తగ్గుతాయి, సోమవారం లెక్క తగ్గినట్టు కనబడుతుంది, బుధవారానికి పెరుగుతుంది. సంక్రాంతికి, దసరాకు అయితే చెప్పనే అక్కర్లేదు. ఏడు రోజుల సగటు చూడు, పక్కన ఎన్ని టెస్టులు చేశారో రాయి. పాజిటివిటీ, అంటే చేసిన టెస్టుల్లో పాజిటివ్ వచ్చినవి, 5 శాతం కంటే పైన ఉంటే మనం వెతకాల్సినంత వెతకడం లేదని అనుమానించు. ర్యాపిడ్ టెస్టులు, ఆర్టీపీసీఆర్ కలిపి ఒకటే శాతం తియ్యకు. టార్గెట్ కోసం లక్షణాలు లేనివాళ్లకు ర్యాపిడ్ టెస్టులు గుద్దేస్తే శాతం బాగా దిగుతుంది, రోగం దిగదు.

ఇక పేర్లు. ఇది మన తెలుగువాళ్ల ప్రత్యేకమైన తలనొప్పి. ఒకే మనిషి ఒక ల్యాబ్‌లో ఇంటిపేరుతో మొదలవుతాడు, ఇంకో ల్యాబ్‌లో ఇంటిపేరు పొడి అక్షరమై చివరికి పోతుంది. వెంకటేశ్వర్లు, వెంకటేశ్వరరావు, వెంకట్. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ఒక్కో ఆపరేటర్ ఒక్కో రకంగా కొడతాడు, లక్ష్మిలో ఎక్స్ ఉంటుందో కేఎస్ ఉంటుందో వాళ్ల ఇష్టం. పోనీ ఫోన్ నంబర్‌తో పట్టుకుందామంటే ఇంటిల్లిపాదికీ కొడుకు నంబరే ఇస్తారు. ఒకసారి నేను ఫోన్ నంబర్ చూసి "డూప్లికేట్" అనుకుని ఆరు వరసలు తీసేశాను. అవి ఆరుగురు మనుషులవి, ఒకే కుటుంబం. అందులో ఒకావిడకు మూడు రోజులు ఎవరూ ఫోన్ చెయ్యలేదు, ఎందుకంటే నా లిస్టులో ఆవిడ లేదు. నాలుగో రోజు ఆశా కార్యకర్త వీధిలో వెళ్తూ చూసి చెప్పింది. ఆవిడ బతికింది కాబట్టి ఇది నీకు రాయగలుగుతున్నాను. పేరు, వయసు, ఆడా మగా, ఫోన్ నాలుగూ కలిస్తే తప్ప వరస తియ్యకు. తీసినా వేరే షీట్‌లో దాచు.

అడ్రస్ ఇంకో తంటా. ఆధార్‌లో ప్రకాశం జిల్లా పల్లె ఉంటుంది, మనిషి కూకట్‌పల్లిలో ఉంటాడు. ఏ జిల్లా లెక్క అని రెండు ఆఫీసులూ వాదించుకుంటుండగా వాడు ఇంట్లో అందరికీ అంటించి ఉంటాడు. లెక్క ఎవరి ఖాతాలో పడినా సరే, ఫోన్ మాత్రం మనిషి ఇవాళ పడుకున్న ఊరి నుంచే వెళ్లాలి. ఇందులో నాకు వేరే అభిప్రాయం లేదు.

కాంటాక్ట్ ట్రేసింగ్‌లో, అంటే పేషెంటు కలిసినవాళ్లను వెతికేటప్పుడు, "ఎవరెవరిని కలిశావు?" అని అడిగితే "ఎవరినీ కలవలేదండీ" అనే వస్తుంది. పోలీసు ప్రశ్నలా ఉంటుంది మరి. "మొన్న మంగళవారం పొద్దున టీ ఎక్కడ తాగావు బాబూ?" అని మొదలుపెట్టు. టీ కొట్టు నుంచి షాపు, షాపు నుంచి బావమరిది ఇంట్లో ఓణీల ఫంక్షన్, అన్నీ బయటికొస్తాయి. తెలంగాణలో 2020 మార్చి 2న బయటపడిన మొదటి కేసు బెంగళూరు నుంచి బస్సులో వచ్చిన మనిషిది. ఆ బస్సులో కూర్చున్నవాళ్లను కూడా వెతికి పట్టుకున్నారు. ఒక్క కేసు ఉన్నప్పుడు అలా చెయ్యొచ్చు. రోజుకు వెయ్యి వచ్చినప్పుడు అదే పద్ధతి పట్టుకుని వేలాడితే ఎవరికీ సరిగ్గా ఫోన్ వెళ్లదు. అప్పుడు పెద్దవాళ్లు, షుగర్, బీపీ, డయాలిసిస్ ఉన్న ఇళ్లకు ముందు చెయ్యి. ఆ ఇళ్లు ఏవో ఆశాలకు, ఏఎన్ఎంలకు నోటి మీద ఉంటాయి. మన సాఫ్ట్‌వేర్ కంటే వాళ్ల నోట్‌బుక్ నయం. వాళ్లకు మాస్కులు, జీతం సకాలంలో అందుతున్నాయో లేదో నెలకోసారి నువ్వే అడుగు. అది నీ పని కాదంటారు, అయినా అడుగు.

పేషెంట్ల లిస్టు వాట్సాప్ గ్రూపులో పెట్టనివ్వకు. మొదటి వారాల్లో మా దగ్గర ఒక లిస్టు పేర్లతో, డోర్ నంబర్లతో సహా బయటికి పోయింది. ఆ వీధిలో పాలవాడు పాలు పొయ్యడం మానేశాడు. తర్వాత వారం ఆ వార్డులో టెస్టుకు వచ్చినవాళ్లు సగానికి పడిపోయారు. పైవాళ్లు మాత్రం షీట్ చూసి "అక్కడ కంట్రోల్ అయింది" అన్నారు.

బెడ్ల బోర్డు గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే 2021 ఏప్రిల్, మే నెలల్లో అదే మమ్మల్ని ముంచింది. బోర్డులో "ఖాళీ 40" అని ఉంటుంది. 104 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసినవాళ్లకు మేం అదే చెప్పేవాళ్లం. వాళ్లు ఆటోలో తీసుకెళ్తే గేటు దగ్గర "లేవు" అనేవాళ్లు. ఇద్దరిదీ అబద్ధం కాదు. ఖాళీగా ఉన్నవి మామూలు మంచాలు, కావాల్సింది ఆక్సిజన్ మంచం. మామూలు, ఆక్సిజన్, ఐసీయూ, వెంటిలేటర్ అని నాలుగు గడులు పెట్టు, ప్రతి గడికీ చివరిసారి అప్‌డేట్ చేసిన టైమ్ పెట్టించు. టైమ్ లేని ఖాళీ బెడ్ లేనట్టే లెక్క.

ఆక్సిజన్‌ను సిలిండర్లలో కాదు, గంటల్లో లెక్కపెట్టు. పెద్ద సిలిండర్‌లో దాదాపు 7 వేల లీటర్ల వాయువు ఉంటుంది. నిమిషానికి 10 లీటర్ల మీద ఉన్న పేషెంటుకు అది పన్నెండు గంటలు కూడా రాదు. హై ఫ్లో మిషన్ మీద నిమిషానికి 50, 60 లీటర్లు లాగుతుంటే రెండు గంటలు. "స్టాక్ 60 సిలిండర్లు సార్" అంటే కలెక్టర్ గారికి ధైర్యంగా ఉంటుంది, "రాత్రి 3 గంటల దాకా వస్తుంది సార్" అంటే ఆయనే ట్యాంకర్‌కు ఫోన్ చేస్తారు. నేను రెండో రకంగా చెప్పడం మొదలుపెట్టాక మీటింగ్ టైమ్ సగమైంది.

ఇప్పుడు కష్టమైన సంగతి. ఒకరోజు పైనుంచి ఒక పెద్దమనిషి ఫోన్ చేసి, ఇవాళ మరణాల్లో కొన్ని రేపటికి వెయ్యమన్నారు. ఇవాళ ఎక్కువ కనబడుతున్నాయట. నేను ఎదురు చెప్పలేదమ్మా, నిజం చెప్పాలి కదా. వేశాను. మర్నాడు ఇంకా ఎక్కువయ్యాయి, వాటిని ఎల్లుండికి వెయ్యమన్నారు. ఇలా అప్పు పెరిగినట్టు పెరిగింది. నాలుగో రోజు "సార్, ఇది రాతపూర్వకంగా మెయిల్ పెట్టండి, వెంటనే చేస్తాను" అన్నాను. మెయిల్ రాలేదు. ఆ మాట మొదటి రోజే అనుండాల్సింది. నువ్వు ఆ మాట మర్యాదగా, నవ్వుతూ ఎలా అనాలో ఇప్పుడే అద్దం ముందు ప్రాక్టీస్ చేసుకో.

షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లు పోతే "అసలు కారణం అది" అని కరోనా లెక్కలోంచి తప్పించే అలవాటు చాలాచోట్ల ఉండేది. అలా తీసెయ్యకూడదని దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ మొదట్లోనే చెప్పింది. నువ్వు నెలకోసారి మున్సిపాలిటీ మరణాల రిజిస్టర్ తెప్పించుకుని 2018, 2019ల్లో అదే నెలతో పోల్చి చూడు. మొత్తం చావులు ఎంత పెరిగాయో చూస్తే మన లెక్కకు అందనివి ఎన్నో తెలుస్తుంది. 2021 చివరి దాకా మన దేశంలో అధికారిక లెక్క 4.8 లక్షలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అదనపు మరణాలు, అంటే మామూలుగా జరిగేవాటి కంటే ఎక్కువ జరిగినవి, 47 లక్షల దాకా ఉంటాయని అంచనా వేసింది, మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆ గొడవ మనం తేల్చేది కాదు. కానీ మన ఊరి శ్మశానం రిజిస్టర్ నీకు అందుబాటులోనే ఉంది. కాటికాపరిని కూర్చోబెట్టి మాట్లాడు, టీ ఇప్పించు. మా ల్యాబ్ పోర్టల్ కంటే రెండు రోజులు ముందుగా ఆయనకే తెలిసేది.

ఒమిక్రాన్ వచ్చేసరికి ఇంకో తమాషా. మందుల షాపులో టెస్ట్ కిట్ కొనుక్కుని ఇంట్లోనే చూసుకున్నారు. రెండు గీతలు వస్తే తలుపేసుకుని పడుకున్నారు, మనకు ఎవరు చెబుతారు? అప్పటికి కేసుల లెక్కకు అర్థం పోయింది. రోజుకు ఎంతమంది కొత్తగా ఆసుపత్రిలో చేరుతున్నారు, వాళ్లలో ఆక్సిజన్ ఎందరికి అన్నదే చూశాను. ఏ అంకె పనికిరాకుండా పోయిందో ఒప్పుకుని దాన్ని పక్కన పెట్టడానికి మా ఆఫీసులో మూడు మీటింగులు పట్టింది.

మాక్ డ్రిల్ రోజు సర్వర్ పనిచెయ్యదు, ముందే చెబుతున్నా. ఖాళీ లైన్ లిస్టులు కాగితం మీద ఓ యాభై ప్రింట్ తీసిపెట్టుకో. నా పాత నోట్‌బుక్కులు రెండూ మీ అమ్మ చేతికి ఇచ్చి పంపుతున్నాను. నీలం అట్టదానిలో 2021 మే పేజీలు చదివేటప్పుడు మధ్యాహ్నం పూట చదువు, రాత్రి వద్దు. నీ షీట్ నమూనా పంపు, తేదీల కాలమ్స్ చూసి చెబుతాను. తొమ్మిది దాటాక ఫోన్ చెయ్యకు, మీ పెదనాన్నకు నిద్ర చెడుతుంది.

పెద్దమ్మ