ఇంజన్ ఆగినా చేయి పెట్టకు, అల్లుడా

చిరంజీవి అల్లునికి,

హన్మకొండ నుంచి మీ పెద్దమామ రాసేది. మొన్న మీ అమ్మ ఫోన్ పట్టుకొచ్చి ఫొటో చూపించింది. అమెరికాలో మీ బఫెలో ఊళ్లో ఎవరి దగ్గరో వాకిట్లో మంచు ఎత్తిపోసే మిషన్, పాత స్నో బ్లోయర్ కొన్నావట, దాని హ్యాండిల్ మీద చెయ్యేసి నిలబడ్డావు. "అన్నా, చిన్న ట్రాక్టర్ లెక్కనే ఉంది చూడు" అని చెల్లె మురిసిపోయింది. నేను మాత్రం నిన్ను చూడలేదు, దాని నోరు చూశాను.

మా పెద్దబిడ్డ మినియాపొలిస్‌లో ఉన్నప్పుడు నేనూ మీ అత్తా ఒక చలికాలం అక్కడే గడిపాం. నలభై ఏళ్లు ఎనుమాముల మార్కెట్ దారిలో ఇంజన్లు విప్పి బిగించిన చేతులు ఊరికే ఉంటాయా? ఆమె భర్త, అదే మా అల్లుడు, స్టార్ట్ చేద్దామని నాలుగు రోజులు తాడు గుంజి గుంజి వదిలేసిన ఇలాంటి మిషన్‌ను నేనే విప్పాను. ఆ చలికాలమంతా వాకిలి నాదే. అందుకే ఈ ఉత్తరం.

నీది రెండు దశల మిషన్. ముందున్న ఇనుప మరను ఆగర్ అంటారు, అది మంచును నడిమికి లాగుతుంది. దాని వెనక రెక్కల చక్రం ఉంటుంది, ఇంపెల్లర్. అది మంచును పై గొట్టంలోంచి దూరంగా విసురుతుంది. మన మక్కల మిషన్‌కు కంకులు మింగే నోరొకటి, పొట్టు కక్కే నోరొకటి ఉన్నట్టే. పొడి మంచు పడితే ఏ బాధా లేదు, ఉనక లెక్క ఎగిరిపోతుంది. సున్నా డిగ్రీల దగ్గర పడే తడి మంచుతోనే తంటా. తడిపిన సకినాల పిండిలా గొట్టంలో అతుక్కుని కూర్చుంటుంది. ఇంజన్ మోత మారుతుంది, గొట్టంలోంచి ఏమీ రాదు. అప్పుడు మనిషికి మొదట వచ్చే ఆలోచన చేయి పెట్టి తీద్దామనే. అమెరికాలో ఈ మిషన్‌తో వేళ్లు పోగొట్టుకునేవాళ్లలో ఎక్కువమంది అక్కడే పోగొట్టుకుంటారు.

"ఇంజన్ బందు చేశాకే కదా మామా పెడతాను" అంటావు. మా ఉస్తాద్ కూడా బందు చేశాకే పెట్టాడు. ఆయన కుడిచేతికి చూపుడు వేలు, నడిమి వేలు సగం సగమే ఉండేవి. మక్కల మిషన్ ఆపి, బెల్టు తీయకుండా, ఇరుక్కున్న బెండును లాగాడు. పానా పట్టుకోవాలంటే బొటనవేలికీ ఉంగరం వేలికీ మధ్య ఇరికించుకునేవాడు. చాయ్ గ్లాసు ఎప్పుడూ ఎడమ చేతిలోనే. మిషన్ మీదికి ఎవడైనా పోరడు వంగితే తిట్టేవాడు కాదు, ఆ చేయి ఎత్తి చూపేవాడు, అంతే.

నీ మిషన్‌లోనూ అదే సంగతి. ఇంజన్ ఆగినా ఇంపెల్లర్‌ను తిప్పే బెల్టులో బిగువు మిగిలి ఉంటుంది. ఇంపెల్లర్‌ను మంచు గట్టిగా పట్టి ఉంచుతుంది. ఆ అడ్డం తీసిన మరుక్షణం చక్రం అర చుట్టు తిరుగుతుంది. వేలికి ఆ అర చుట్టు చాలు. గ్లవ్స్ వేసుకున్నా కాపాడవు, పైగా అవే ముందు చిక్కుకుంటాయి.

కాబట్టి గొట్టం మూసుకుపోతే హ్యాండిల్ మీది రెండు లీవర్లూ, ఆగర్‌దీ నడకదీ, వదులు. ఇంజన్ ఆపి తాళం తీసి జేబులో వేసుకో. లోపల ఏదీ తిరగడం లేదని కంటితో చూసుకునేదాకా ఆగు. స్పార్క్ ప్లగ్గు వైరు కూడా పీకి పక్కకు పెట్టు. అప్పుడు కర్రతో పొడువు, చేత్తో కాదు. కొత్త మిషన్ల మీద ఇందుకోసమే ఒక ప్లాస్టిక్ కర్ర బిగించి ఇస్తారు. నీది పాతది, ఫొటోలో ఆ క్లిప్పు ఖాళీగా కనబడింది. విరిగిన చీపురు కర్రయినా సరే, హ్యాండిల్‌కు కట్టి ఉంచుకో. ఇంట్లోకి పోయి వెతకాలంటే బద్ధకమేస్తుంది, ఆ బద్ధకమే చేయి పెట్టిస్తుంది. పని మొదలుపెట్టే ముందు గొట్టం లోపల సిలికాన్ స్ప్రే కొడితే మంచు అంతగా అంటుకోదు. మా బిడ్డ వంటింట్లో పెనానికి కొట్టే నూనె స్ప్రే వాడాను, అదీ పనిచేసింది. తడి మంచుకు ఇంజన్‌ను పూర్తి వేగంలో ఉంచి, నువ్వు మెల్లగా నడువు. ఒకేసారి నిండా మింగించకు.

ఇంకొకటి. ఆ లీవర్లు వదలగానే ఆగర్ ఆగాలి, నడక ఆగాలి. చేయి నొస్తుందని కొందరు వాటికి తాడు కట్టేస్తారు. నీకు అమ్మినాయన కట్టాడేమో చూడు. కట్టి ఉంటే తెంపేయి. వదిలినా ఆగకపోతే కేబుల్ సరిచేయించేదాకా వాకిట్లోకి తీయకు.

ఇప్పుడు పొగ మాట. బయట చలికి ఓర్వలేక గ్యారేజీలోనే స్టార్ట్ చేసి, వేడెక్కాక తోసుకుపోదామనుకుంటావు. వద్దు. తలుపు తెరిచి ఉన్నా వద్దు. వెనకట పరకాల వైపు బావుల్లో నీళ్లు లోతుకు పోతే ఇంజన్‌ను బావి లోపలి గట్టు మీదికి దించి నడిపేవారు. ఒక ఎండాకాలం రిపేరుకని నన్ను పిలిచారు. పోయేసరికి లోపల దిగినతను పిలిస్తే పలకడం లేదు. ఇంజన్ అప్పటికే ఆగిపోయింది, గాలి మాత్రం లోపల విషమై ఉంది. వాళ్ల తమ్ముడు దిగబోతుంటే రెక్క పట్టుకుని ఆపాను. నడుముకు తాడు ఉండబట్టి పైకి లాగాం, బతికాడు. ఇంజన్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు, రంగు ఉండదు. నీ గ్యారేజీ ఇంటికి అతుక్కుని ఉంది, పైన చంటిపిల్ల పడుకుంటుంది. మిషన్‌ను బయటికి తోసుకుపోయి, ఆ తర్వాతే తాడు గుంజు.

పెట్రోల్ కూడా బయటే పోసుకో. అక్కడ పెట్రోల్‌ను గ్యాస్ అంటారు కదా, మీ అత్త చాలా రోజులు ఆ మిషన్‌లో సిలిండర్ ఎక్కడుందా అని వెతికింది. వేడి ఇంజన్ మీద ఎప్పుడూ పోయకు, చల్లారనివ్వు. అక్కడి పెట్రోల్‌లో 10 శాతం ఇథనాల్ కలుపుతారు, ఆ మిషన్‌కు అంతకు మించి వద్దు. 15 శాతం, 85 శాతం కలిపినవి కూడా బంకుల్లో దొరుకుతాయి, పంపు మీద రాసిన ఇథనాల్ శాతం చూసి నింపుకో. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నెలలు నిలవున్న పెట్రోల్, ఇంజన్‌కు గాలీ పెట్రోలూ కలిపి పంపే కార్బురేటర్‌లో జిగురు కడుతుంది. మా అల్లుడి మిషన్ స్టార్ట్ కాకపోవడానికి ఆ జిగురే కారణం. కప్పు విప్పితే అడుగున బెల్లం పాకం లెక్క, పెట్రోల్ పోయే సన్న జెట్టు రంధ్రం పూర్తిగా పూడిపోయి ఉంది. సన్నని రాగి తీగతో, క్లీనర్‌తో గంట పని. కాబట్టి వేసవికి మూలన పెట్టే ముందు పెట్రోల్ వాల్వు మూసి, ఇంజన్ తనంతట తానే ఆగేదాకా నడవనివ్వు. ట్యాంకులో ఉంచాలనుకుంటే పెట్రోల్ చెడిపోకుండా కాపాడే మందు, స్టెబిలైజర్, కలిపి కాసేపు నడిపించు, ఆ మందు కార్బురేటర్ దాకా చేరాలి.

ఆయిల్ ప్రతిసారీ చూడు. చలికి 5డబ్ల్యూ-30 రకం ఆయిల్ సరిపోతుంది, అయినా ఇంజన్ మీది నంబరు పట్టి ఆ కంపెనీ మాన్యువల్ నెట్‌లో తీసుకో, అందులో ఏది రాస్తే అది. ఏడాదికోసారైనా మార్చు.

ఆగర్ రెక్కలను షాఫ్ట్‌కు పట్టి ఉంచే చిన్న బోల్టులు ఉంటాయి, షియర్ పిన్నులు. రాయో, మంచులో కూరుకుపోయిన పేపర్ కట్టో తగిలితే అవి తెగిపోతాయి. తెగడానికే పెట్టారు, గేర్‌బాక్స్ బతకాలని. మన దగ్గర రోటవేటర్ షాఫ్ట్‌లో షియర్ బోల్టు తెగిందని దుకాణంలో దొరికిన గట్టి బోల్టు కొట్టి, తర్వాత గేర్‌బాక్స్ పగలగొట్టుకుని నా దగ్గరికొచ్చిన రైతులను లెక్కపెట్టలేను. నీ మోడల్‌కు పనికొచ్చేవే నాలుగు అదనంగా తెచ్చి డబ్బాలో వేసుకో. తొలి మంచు పడక ముందే వాకిట్లో రాళ్లు, పిల్లల బొమ్మలు, నీళ్ల పైపు ఏరేయి. మంచు కప్పాక అవన్నీ బుల్లెట్లే. గొట్టాన్ని మనుషుల వైపు, కార్ల వైపు తిప్పకు. మెడకు చుట్టుకున్న మఫ్లర్ కొసలు వేలాడనివ్వకు, స్వెటర్ లోపలికి దోపుకో.

పని అయ్యాక ఇంకో రెండు నిమిషాలు ఆగర్ తిరగనివ్వు, మిగిలిన మంచు రాలిపోతుంది. లేకపోతే తెల్లారేసరికి అంతా గడ్డకట్టుకుని ఉంటుంది.

ఆదివారం బయట పగలున్నప్పుడే, మంచు లేకుండానే ఒకసారి స్టార్ట్ చేయి. చోక్ పూర్తిగా వేసి, ఇంజన్‌లోకి పెట్రోల్ పంపే రబ్బరు బుడ్డ, ప్రైమర్, రెండు మూడుసార్లు నొక్కి తాడు గుంజు, వేడెక్కుతున్నకొద్దీ చోక్ మెల్లగా తీయి. చోక్ లేకుండా పది నిమిషాలు నడిచాక ఆపి, చల్లారాక ప్లగ్గు విప్పి కొన ఫొటో పంపు. ఇటుక రంగుంటే ఫికర్ లేదు. నల్లగా మసి పట్టి ఉంటే ఆ రాత్రే నాకు వీడియో కాల్ చేయి, ఇక్కడ పొద్దున్నే ఉంటుంది, నేను లేచే ఉంటాను.

మీ పెద్దమామ