జవాబు రాని ప్రార్థన: లోపం మీ విశ్వాసంలో లేదు

స్వస్థత కోసం అంతగా ప్రార్థించినా అమ్మగారు దక్కకపోవడానికి మీ విశ్వాసం చాలకపోవడమే కారణమని ఎవరో అన్న మాటే మిమ్మల్ని ఎక్కువగా కుంగదీస్తున్నట్లుంది. ఆ మాట బైబిలు వాక్యం ముందు నిలవదు. అపొస్తలుడైన పౌలు తన శరీరంలోని ముల్లు, అంటే తనను వేధించిన బాధ, తొలగించమని ప్రభువును ముమ్మారు వేడుకొన్నా అది తొలగలేదు (2 కొరింథీ 12). అతనిది అల్పవిశ్వాసమని ఎవరూ అనరు.

1. దుఃఖంలో చాలామంది దాటవేసేది దేవునికి మొర పెట్టుకోవడాన్ని. స్తోత్రం చెల్లించడానికి తొందరపడకుండా 13వ కీర్తనను పైకి చదవండి. ఇంకా ఎన్నాళ్లని దేవుణ్ణే నిలదీసిన తరువాత, 5వ వచనంలో గాని, ఆయన కృపను నమ్ముకొన్నాననే మాట రాదు. మీ ప్రశ్నలను కూడా అలాగే, ఆసుపత్రిలోని ఆ చివరి రాత్రితో సహా, ఆయన ముందు పెట్టండి.

2. అప్పటికీ నమ్మిక కలగకపోతే 88వ కీర్తన చదవండి. అది చీకటిలోనే ముగుస్తుంది, అయినా ప్రార్థనే.

జ్ఞాపకార్థ కూటంలో సాక్ష్యం చెప్పమని సంఘస్థులు అడిగితే, ఇప్పుడే వద్దని నిస్సంకోచంగా చెప్పవచ్చు.