పాపకిచ్చేది భత్యమా, చేతిఖర్చా?

సందేహం: మేం డాలస్‌లో ఉంటాం. మా పాపకు వారం వారం పది డాలర్లు ఇస్తాం. దాన్ని ఇక్కడ అలవెన్స్ అంటారు. ‘పాపకు భత్యం ఇస్తున్నాం’ అంటే మా అమ్మ నవ్వింది. ఏమనాలి? ఊళ్లో అమ్మానాన్నలకు నేను నెలనెలా పంపేదాన్ని భరణం అనవచ్చా?

సమాధానం: మీ అమ్మగారు నవ్వడం సబబే. భత్యం ఇప్పుడు పూర్తిగా ఉద్యోగుల మాట. కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం, ప్రయాణ భత్యం అన్నీ జీతాన్ని అంటిపెట్టుకున్నవే. పాత వాడుకలో ఇదే బత్తెం: రోజు గడవడానికి ఇచ్చే గింజలో, డబ్బో. దారిబత్తెం అంటే ప్రయాణంలో తినడానికి వెంట కట్టుకెళ్లే తిండి. మాట ఎంత చక్కనిదైనా, ‘పాపకు భత్యం’ అంటే పాప ఏదో ఆఫీసులో చేరినట్టు వినిపిస్తుంది.

భృతి కూడా ఇక్కడ పొసగదు. సంస్కృతంలో దానికి కూలి, జీతం అనే అర్థాలున్నాయి. మన పత్రికల్లో మాత్రం ప్రభుత్వ సాయంగా స్థిరపడింది. 2018లో ఆంధ్రప్రదేశ్‌లో యువనేస్తం పథకం కింద నెలకు వెయ్యి రూపాయలు ఇచ్చినప్పుడు జనం దాన్ని నిరుద్యోగ భృతి అనే పిలిచారు.

మన ఇళ్లలో అనేది చేతిఖర్చు. ‘చేతిఖర్చులకి ఉంచు’ అని తాతయ్య మనవడి జేబులో నోటు పెడతాడు. హాస్టల్లో ఉన్న కొడుక్కి ‘నెల ఖర్చులకి’ పంపుతారు. కాబట్టి ‘పాపకు వారానికి పది డాలర్లు చేతిఖర్చులకు ఇస్తున్నాం’ అనండి. పాకెట్ మనీ అన్నా తప్పులేదు, అది తెలుగు మాటల్లో ఎప్పుడో కలిసిపోయింది.

ఇక భరణం. భర్త, భార్య, భృతి, భృత్యుడు పుట్టిన ‘భృ’ ధాతువే దీనికీ మూలం. భరించడం, పోషించడం అని అర్థం. అర్థం చూస్తే తల్లిదండ్రులకు సరిపోయేలాగే ఉంటుంది. కానీ వాడుక దాన్ని కోర్టుకు ఈడ్చుకెళ్లింది. నేర విచారణ స్మృతి 125వ సెక్షన్ కింద, 2024 జూలై నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144 కింద, భార్యాపిల్లలూ తల్లిదండ్రులూ కోరేది ఇదే. మనోవర్తి అన్నా అదే. విడాకులప్పుడు ఒకేసారి గానీ నెలనెలా గానీ ఇమ్మని కోర్టు చెప్పేదాన్ని శాశ్వత భరణం అంటారు. అంటే, అడిగినా పెట్టనివాడి చేత చట్టం ఇప్పించే డబ్బుకే ఈ రెండు మాటలూ ఎక్కువగా వాడుతున్నాం. మీరు ఎవరూ అడగకుండానే పంపుతున్నారు. దానికి ‘అమ్మావాళ్లకి నెలనెలా డబ్బు పంపుతున్నాను’ అంటే చాలు, వేరే పేరు అక్కర్లేదు.