చివరి రెండు రోజుల్లో మారితే రక్షణ దొరుకుతుందా?

ప్రశ్న: మా నాన్న నలభై ఏళ్లు తాగి అమ్మను కొట్టారు. చర్చి గడప తొక్కలేదు. పోయిన నెల ఆసుపత్రిలో పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే వెక్కి వెక్కి ఏడ్చి, తప్పులు ఒప్పుకున్నారు, రెండు రోజులకు పోయారు. బాప్తిస్మం లేదు కాబట్టి రక్షణ లేదని, అంటే పరలోకం దక్కదని కొందరంటున్నారు. జ్ఞాపకార్థ కూడికలో నాన్న మారిన సంగతి అందరి ముందు సాక్ష్యంగా చెప్పమని అమ్మను అడుగుతున్నారు. అమ్మేమో నోరు విప్పడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, ముందు బాప్తిస్మం సంగతి. యేసు పక్కన సిలువ మీదున్న నేరస్థుడికి బాప్తిస్మం తీసుకునే వీలు ఎక్కడుంది? మొదట అతనూ ప్రభువును నిందించాడనే మత్తయి రాశాడు, అయినా లూకా 23లో "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అన్న మాట దక్కింది అతనికే. బాప్టిస్టు సంఘాలు బాప్తిస్మాన్ని రక్షణ పొందినవాళ్లు ఇచ్చే సాక్ష్యంగానే చూస్తాయి. క్యాథలిక్కులు బాప్తిస్మం తప్పనిసరి అంటూనే, కోరుకుని అందుకునేలోపే పోయినవాళ్లకు ఆ కోరికే చాలంటారు, ప్రాణం మీదికొస్తే ఫాదర్ లేకున్నా ఎవరైనా నీళ్లు పోసి ఇవ్వొచ్చంటారు. బాప్తిస్మం లేకపోతే లేనట్టే అని పట్టుబట్టే సంఘాలూ ఉన్నాయి, నేను మాత్రం ఒప్పుకోను. మీ నాన్నగారి ఏడుపు నిజమైతే దేవుడు తోసేయలేదనే నా నమ్మకం. అది నిజమో కాదో తూచే పని మనది కాదు.

నా బాధంతా మీ అమ్మగారి గురించే. ఇలాంటప్పుడు చాలామంది మత్తయి 20లోని ద్రాక్షతోట ఉపమానం చెబుతారు, సాయంత్రం అయిదింటికి వచ్చినవాడికీ పొద్దుట్నుంచి ఎండలో కష్టపడ్డవాడికీ కూలి ఒకటే దేనారం, సణగకూడదు అని. కానీ ఆ ఉపమానంలో సాయంత్రం వచ్చినవాడు పొద్దున వచ్చినవాళ్లను కొట్టలేదమ్మా! లూకా 19లో యేసును కలిసి మారిన పన్నుల అధికారి జక్కయ్యను చూడండి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. మీ నాన్నగారు దేవుణ్ణి క్షమాపణ అడిగారు, మరి మీ అమ్మను అడిగారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు.

కాబట్టి "దేవుడే క్షమించాడు, నువ్వెంత" అని ఆమెతో ఎవర్నీ అననివ్వకండి. క్షమించమని ప్రభువు ఆజ్ఞాపించిన మాట నిజమే, కానీ అది నలుగురి ముందు, అదీ నెల తిరక్కుండా జరగాలని ఎక్కడా లేదు. రాత్రిళ్లు పక్కన కూర్చోండి, ఆ నలభై ఏళ్ల గురించి ఆమె చెబితే వినండి, మధ్యలో వాక్యం ఎత్తకండి. పాస్టరుగారితో మీరే మాట్లాడి, సాక్ష్యం మీరు చెబుతానని చెప్పండి. ఆ రోజు మైకు మాత్రం అమ్మ చేతికి ఇవ్వనివ్వకండి.