రైస్‌మిల్లు గైడు రాయించే మేనకోడలికి మామయ్య ఉత్తరం

పాలకొల్లు

చి. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మీ రైస్‌మిల్లు సాఫ్ట్‌వేర్‌కు ఏఐ యంత్రం చేత రాయించి, భీమవరం నుంచి నువ్వు పంపిన 32 పేజీల యూజర్ గైడు అందింది. రెండు సాయంత్రాలు కూర్చుని, పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంటూ చివరిదాకా చదివాను. హైదరాబాదులో పాతికేళ్లు సాఫ్ట్‌వేర్ గైడ్లు రాసి బతికిన నేను, మొదటి చిత్తుప్రతిలో ఇంత నున్నటి వాక్యాలు ఎన్నడూ రాయలేదని ఒప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. అయితే పదకొండో పేజీలో ‘డ్రాఫ్టుగా భద్రపరచు’ అనే బటన్ నొక్కమని ఉంది. నువ్వు జతచేసిన తెరల ఫొటోలన్నీ వెతికాను. అటువంటి బటన్ ఎక్కడా కనబడలేదు.

ఆ బటన్ ఎక్కడినుంచి వచ్చిందో ఊహించడం కష్టమేమీ కాదు. ఒక మాట తరువాత సాధారణంగా ఏ మాట వస్తుందో లెక్కగట్టి రాసే యంత్రమది. ఫారాలు నింపే సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి డ్రాఫ్టు సౌకర్యం ఉంటుంది కనుక మీదానికీ ఉంటుందనుకుని రాసేసింది. నువ్వు ఇచ్చిన ప్రాంప్ట్, అంటే ఏం రాయాలో యంత్రానికి చెప్పిన మాట, చూస్తే ‘రైస్‌మిల్లు సాఫ్ట్‌వేర్‌కు తెలుగులో యూజర్ గైడు రాయి’ అని ఒక్క వరుస ఉంది. కొత్తగా చేరిన మనిషికి ఆ ఒక్క వరుస చెప్పి, మిల్లు గానీ తెర గానీ చూపించకుండా గదిలో కూర్చోబెడితే అతడు మాత్రం ఏం రాస్తాడు?

కాబట్టి ముందుగా తెర వివరాలు సమకూర్చుకో. ఒక్కొక్క తెర మీద ఏ గడులున్నాయి, వాటిలో తప్పనిసరిగా నింపవలసినవి ఏవి, బటన్ల మీద ఏ అక్షరాలున్నాయి అన్నది ఉన్నది ఉన్నట్టు టైపు చేసి ప్రాంప్టుకు జతచెయ్యి. గైడు మొత్తాన్ని ఒకేసారి అడగవద్దు. గైడ్లు రాయడానికి 2005లో ఒయాసిస్ అనే ప్రమాణాల సంస్థ ఆమోదించిన డీటా (DITA) పద్ధతిలో ‘ఎలా చేయాలి’, ‘అంటే ఏమిటి’, ‘ఎక్కడ చూసుకోవాలి’ అనే మూడు రకాల విషయాలను విడివిడిగా రాస్తారు. ఆ విభజన యంత్రంతో రాయించేటప్పుడు ఇంకా బాగా పనికొస్తుంది. లోడు నమోదు చేసే పనిని నేనైతే ఇలా అడుగుతాను:

“చదివేవారు రైస్‌మిల్లు గుమస్తా, టైపు చేయగలరు, ఎక్సెల్ తెలియదు. రైతు తెచ్చిన ధాన్యం లోడును కాటా వేశాక నమోదు చేయడం గురించి మాత్రమే రాయాలి. కింద ఇచ్చిన బటన్ల పేర్లను అక్షరం మార్చకుండా వాడాలి. ఒక మెట్టులో ఒకే పని ఉండాలి. ఆ పని చేశాక తెర మీద ఏం కనిపిస్తుందో వెంటనే చెప్పాలి. బస్తా అంటే 75 కిలోలు. నేనివ్వని వివరం అవసరమైతే ఊహించవద్దు. ఆ చోట ‘అడగాలి’ అని రాసి వదిలేయాలి.”

చివరి వాక్యాన్ని మాత్రం ఏ ప్రాంప్టులోనూ మరిచిపోవద్దు. అది పెట్టినా ఒక్కొక్కసారి యంత్రం సొంత కవిత్వం కలుపుతుంది కనుక నీ కన్ను తప్పదు, కానీ ‘అడగాలి’ అని వచ్చిన ప్రతిచోటా నువ్వు ఇవ్వడం మరిచిన వివరమేదో నీకు తెలిసిపోతుంది. బస్తా సంగతి ఎందుకు చేర్చానంటే, మన గోదావరి జిల్లాల్లో ధాన్యం బస్తా 75 కిలోలని తెలియక గైడులోని ఉదాహరణ 50 కిలోలు వేసుకుంది. 40 బస్తాలు మన లెక్కన 30 క్వింటాళ్లు, గైడు లెక్కన 20. గుమస్తా ఆ పేజీ చూసిన క్షణం నుంచి మిగతా పేజీలను కూడా నమ్మడు.

మాటల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ‘ఎక్సెల్ ఫైలును దిగుమతి చేయండి’ అని నీ గైడులో నాలుగుచోట్ల ఉంది. మిల్లులో దిగుమతి అంటే లారీ నుంచి బస్తాలు దించడం. దానికి హమాలీలు, కూలి రేటు, ఖాతాలో వేరే పద్దు ఉన్నాయి. మీ సాఫ్ట్‌వేర్‌లోనే ‘దిగుమతి కూలి’ అనే గడి ఉండగా అదే మాటను ఫైలుకు వాడితే చదివేవాడు తికమకపడడా? పది పదిహేను మాటల పట్టిక ఒకటి తయారుచేసి, ఏ మాట ఏ అర్థంలో మాత్రమే వాడాలో ప్రతి ప్రాంప్టు పైనా పెట్టు. సార్వా, దాళ్వా అని పిలిచే వాళ్లకు తెర మీద ఖరీఫ్, రబీ అని కనిపిస్తే, తెర మీది పేరునే ఉంచి మొదటిసారి మాత్రం పక్కన మన మాట చెప్పమను. ఇంగ్లీషులో రాయించి తెలుగులోకి మార్పించే పద్ధతి నాకు నచ్చదు. ఇంగ్లీషు ‘ఇంపోర్ట్’ అలాగే ‘దిగుమతి’ అయిందని నా అనుమానం.

నీ గైడులో అన్నీ సజావుగా జరిగిపోతున్నాయి, కానీ గుమస్తా గైడు తెరిచేది పని ఆగిపోయినప్పుడు కదా. మద్దతు ధరకు కొనే ధాన్యంలో తేమ 17 శాతం మించకూడదు. తేమ గడిలో 19 అని కొడితే మీ తెర ఏ సందేశం చూపుతుంది? ఆ సందేశాన్ని యథాతథంగా ప్రాంప్టులో ఇచ్చి, అది ఎందుకు వస్తుందో, వచ్చాక ఏం చేయాలో అడుగు. ఇలాంటి సందేశాలన్నీ మీ ప్రోగ్రామర్ల దగ్గర దొరుకుతాయి. అడిగితే విసుక్కుంటారు, అయినా అడగాలి.

హెచ్చరికల గురించి నా సొంత తప్పు ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక లెక్కల సాఫ్ట్‌వేర్ గైడులో ‘రీసెట్ నొక్కండి’ అని నాలుగో మెట్టుగా రాసి, పాత పద్దులన్నీ చెరిగిపోతాయన్న హెచ్చరికను ఆ మెట్టు కింద పెట్టాను. చదివిన అకౌంటెంటు మెట్టు చదవగానే నొక్కాడు, తరువాత హెచ్చరిక చదివాడు. ఒక సీజను పద్దులు మళ్లీ కాగితాల నుంచి ఎక్కించవలసి వచ్చింది. చెరిపేసే పని ఉన్న ప్రతిచోటా హెచ్చరిక మెట్టుకు ముందే రావాలని నీ ప్రాంప్టులో స్పష్టంగా రాయి.

నువ్వు పంపిన ఫొటోలలో రైతుల పేర్లు, ఫోను నంబర్లు, ఒకచోట ఆధార్ నంబరు కూడా కనిపించాయి. యంత్రానికి ఇచ్చే ముందు అవన్నీ తీసేసి ఉత్తుత్తి వివరాలు పెట్టు. ప్రాంప్టులను సాఫ్ట్‌వేర్ వెర్షను, తేదీ వేసి దాచుకుంటే, రేపు ఒక బటన్ పేరు మారినప్పుడు ఆ అధ్యాయం ఒక్కటే తిరిగి రాయించుకోవచ్చు.

దాళ్వా ధాన్యం మిల్లుకు చేరే లోపల లోడు నమోదు అధ్యాయం ఒక్కటి మళ్లీ రాయించు. అచ్చు తీసి మీకు తెలిసిన మిల్లులో గుమస్తా చేతికిచ్చి, పక్కన నోరు మెదపకుండా కూర్చో. అతని వేలు ఏ మెట్టు దగ్గర ఆగిందో రాసుకుని, ఆ కాగితం, దానికి వాడిన ప్రాంప్టు రెండూ నాకు పంపు. ఆదివారాలు నేను ఇంట్లోనే ఉంటాను.

ఆశీస్సులతో,
మామయ్య