ముందు ఫైళ్లు, ఆ తరువాతే విండోస్

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ల్యాప్‌టాప్ కంపెనీ లోగో దగ్గరే ఆగిపోయి మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతోందనీ, రిపేరు షాపువారు ఫార్మాట్ చేసి కొత్తగా విండోస్ వేస్తామంటున్నారనీ రాశావు. దయచేసి ఇప్పుడే ఒప్పుకోవద్దు. విండోస్ లేవనంత మాత్రాన నీ ఫైళ్లు పోయినట్టు కాదు. చాలాసార్లు అవి డిస్కులో ఎక్కడివక్కడే భద్రంగా ఉంటాయి. ఒకప్పుడు నేను తొందరపడి ఫార్మాట్ చేసి మా నాన్నగారి చివరి ఫొటోలు పోగొట్టుకున్నాను. ఆ బాధ నీకు కలగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

కనీసం 8 జీబీ ఉన్న పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకుని, వేరే కంప్యూటర్‌లో లినక్స్ మింట్ (విండోస్ లాంటి మరో ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) ఐఎస్‌ఓ ఫైలు దించుకుని, రూఫస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించు. అందులో అంతకుముందున్నదంతా చెరిగిపోతుంది కనుక ఖాళీ పెన్‌డ్రైవే వాడు. దానిని నీ ల్యాప్‌టాప్‌కు పెట్టి, ఆన్ చేసిన క్షణం నుంచి బూట్ మెనూ (కంప్యూటర్ దేని నుంచి మొదలవ్వాలో ఎంచుకునే పట్టిక) వచ్చేవరకు డెల్, లెనోవోలలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కుతూ ఉండి, మెనూలో పెన్‌డ్రైవ్‌ను ఎంచుకో. అప్పుడు లినక్స్ పెన్‌డ్రైవ్ నుంచి ర్యామ్‌లోకి వచ్చి నడుస్తుంది, నీ డిస్కు జోలికి పోదు. అయితే డెస్క్‌టాప్ మీద ఇన్‌స్టాల్ అనే ఐకాన్ ఒకటి ఉంటుంది. దానిని మాత్రం ముట్టుకోవద్దు.

ఫైల్ మేనేజర్‌లో సీ డ్రైవ్ అన్న పేరు కనబడదు, పరిమాణాన్ని బట్టి పోల్చుకోవాలి. దానిలో యూజర్స్, ఆ లోపల నీ పేరున్న ఫోల్డర్, అందులో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఉంటాయి. విండోస్ పూర్తిగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయి ఉంటే లినక్స్ ఆ డిస్కును చదవడానికి మాత్రమే తెరవవచ్చు. మనకు కావలసింది కూడా అంతే కనుక, ఆ అడ్డును తొలగించే కమాండ్లు ఎవరు చెప్పినా కొట్టవద్దు.

డిస్కు తాళం అడిగితే అది బిట్‌లాకర్, అంటే డిస్కులోని సమాచారాన్ని తాళం వేసి కాపాడే విండోస్ సదుపాయం. నేటి ల్యాప్‌టాప్‌లలో మనకు తెలియకుండానే అది ఆన్ అయి ఉండవచ్చు. 48 అంకెల రికవరీ కీ లేనిదే ఆ ఫైళ్లు చదవలేము. ఫోన్‌లో నీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి, పని మొదలుపెట్టకముందే ఆ కీని కాగితం మీద రాసుకో. బయోస్‌లో (విండోస్‌కు ముందే తెరుచుకునే కంప్యూటర్ సెట్టింగులలో) సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగు మార్చవలసి వస్తే విండోస్ కూడా అదే కీ అడగవచ్చు.

ఫైళ్లను మరో ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేయి. దాని ఫార్మాట్ ఫ్యాట్32 అయితే 4 జీబీకి మించిన వీడియోలు ఎక్కవు, ఎక్స్‌ఫ్యాట్ అయితే ఆ ఇబ్బంది లేదు. అన్నిటికన్నా విలువైనవి మొదట తీయాలి, ఎందుకంటే ల్యాప్‌టాప్ డిస్కు ఎంతసేపు సహకరిస్తుందో చెప్పలేము. అది పాతకాలపు తిరిగే డిస్కు అయి, చెవి దగ్గర పెట్టి వింటే టిక్ టిక్ మని శబ్దం వస్తుంటే వెంటనే ఆపేయి; చెక్‌డిస్క్ (డిస్కు లోపాలను సరిచేసే విండోస్ ప్రోగ్రామ్) నడపకుండా నేరుగా డేటా రికవరీ చేసేవారి దగ్గరకు తీసుకెళ్లు.

కాపీ అయ్యాక ఎక్స్‌టర్నల్ డిస్కును ఎజెక్ట్ చేసి, వేరే కంప్యూటర్‌లో పది ఫైళ్లయినా తెరిచి చూసి, నాకు ఫోన్ చేయి. అప్పుడు ఫార్మాట్ సంగతి మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ మామయ్య